పెట్టె మూస్తే పలకని ఛార్జరు

ఈమధ్య బెంగళూరులో గృహప్రవేశాలకు వెళ్తే ఒక కొత్త వరస కనిపిస్తోంది. ఇదివరకు పూజగది చూపించేవాళ్ళు, వంటింట్లో అరలు లాగి చూపించేవాళ్ళు, మేడెక్కించి తులసికోట చూపించేవాళ్ళు. ఇప్పుడు తాంబూలం చేతిలో పెట్టి, "వదినా, ఒక్క నిమిషం ఇటు రండి" అంటూ గేటు పక్కకు తీసుకెళ్ళి గోడకు బిగించిన కారు ఛార్జరు చూపిస్తున్నారు. తెల్లటి పెట్టె, దాని ముఖాన పచ్చ దీపం, పక్కన చుట్టచుట్టి తగిలించిన లావుపాటి నల్ల కేబులు. కారు ఇంకా షోరూములోనే ఉండి, ఛార్జరు మాత్రం ముందే వచ్చి కూర్చున్న ఇళ్ళూ ఉన్నాయి!

చూడడం అయ్యాక రెండో మాట తప్పకుండా వస్తుంది. "దీనికి గట్టిగా ఓ ఇనప పెట్టె చేయించి తాళం వేసేస్తే నిశ్చింత కదండీ?" అని. ఆ మాట దగ్గరే మిమ్మల్ని కాస్త ఆపాలని ఈ నెల ఈ ముచ్చట ఎత్తుకున్నాను.

కరెంటు కారు మన ఊరికి కొత్తేమీ కాదు. చేతన్ మైని వాళ్ళు ఇక్కడే తయారుచేసిన రేవా 2001లోనే రోడ్డెక్కింది. బుల్లి కారు, రెండు తలుపులు. ముందు ఇద్దరు కూర్చుంటే వెనక పిల్లలు సర్దుకోవాలి. గీజరుకు వాడే 15 ఆంపుల సాకెట్టులో రాత్రి ప్లగ్గు పెడితే తెల్లారేసరికి ఛార్జింగు అయిపోయేది. యాపు లేదు, వైఫై లేదు, పాస్‌వర్డు అసలే లేదు. ప్లగ్గు పెట్టామా, స్విచ్చి వేశామా, అంతే. 2010లో మహీంద్రా వాళ్ళు దాన్ని తీసుకున్నారు. 2017లో విద్యుత్ వాహనాల కోసమే ఒక విధానం ప్రకటించి, దేశంలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం అనిపించుకుంది కర్ణాటక. ఇప్పుడు మారతహళ్ళి నుంచి వైట్‌ఫీల్డు దాకా కరెంటు బళ్ళ ఆకుపచ్చ నంబరు ప్లేట్లు లెక్కపెట్టుకుంటూ పోతే ట్రాఫిక్‌లో ప్రొద్దు తెలియదు.

ఛార్జరు కూడా మారిపోయింది. ఇంట్లో గోడకు బిగించేది సాధారణంగా 7.2 కిలోవాట్లది, 32 ఆంపులు లాగుతుంది. మన పెద్ద గీజర్లు మూడున్నర ఒకేసారి వేసినంత అన్నమాట. నిజం చెప్పాలంటే అది ఛార్జరు కూడా కాదు. ఏసీని డీసీగా మార్చి బ్యాటరీలోకి పంపే అసలు ఛార్జరు కారులోనే ఉంటుంది. గోడ మీదున్నది కారుతో మాట్లాడి, అంతా సవ్యంగా ఉంటేనే కరెంటు వదిలే తెలివైన స్విచ్చి. ఆ తెలివికి తోడు వైఫై, బ్లూటూత్, కొన్నిటిలో సిమ్ కార్డు కూడా పెట్టారు. ఎన్ని యూనిట్లు కాలాయో ఫోనులో చూసుకోవచ్చు. రాత్రి పదకొండుకు మొదలుపెట్టమని చెప్పి పడుకోవచ్చు. సాయంత్రం గీజరూ ఇండక్షను పొయ్యీ కలిసి నడిచేవేళ కారుకు పోయే కరెంటు తగ్గించి, మెయిన్ పడిపోకుండా చూసుకోవచ్చు. సౌకర్యమే, కాదనను.

మా తోడికోడలు వర్తూరు వైపు ఇల్లు కట్టుకుంది. కారొచ్చింది, ఛార్జరొచ్చింది. మా మరిది వెంటనే వెల్డింగు మేస్త్రిని పిలిపించాడు. మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినవాడు, పనిలో నమ్మకస్తుడు. 18 గేజు జీఐ రేకుతో పెట్టె కట్టి, తలుపు చుట్టూ రబ్బరు బీడింగు వేసి, బూడిదరంగు పౌడర్ కోటింగు చేయించి తెచ్చి గోడకు బిగించాడు. తలుపుకు రెండు గొళ్ళేలు, ఇత్తడి తాళం. చూడముచ్చటగా ఉంది. బ్యాంకు లాకరు కూడా అంత భద్రంగా ఉండదేమో.

నాలుగు రోజులు పోయాక ఫోను. "అక్కా, ఛార్జరు పలకడం లేదు."

"కరెంటు ఉందా?"

"ఉందక్కా, దీపం వెలుగుతోంది. కారు కూడా ఛార్జవుతోంది. ఫోనులోనే ఆఫ్‌లైన్ అంటోంది. ఈయన చెప్పిన టైముకు మొదలవ్వట్లేదు, ఎప్పుడు పెడితే అప్పుడే లాగేస్తోంది."

కంపెనీకి చెప్తే ఒక అబ్బాయి వచ్చాడు. మర్యాదస్తుడు. తాళం తీయించి, తలుపు బార్లా తెరిచి, ఛార్జరు ముందు నిలబడి ఫోనులో చూశాడు. "అంతా బాగానే ఉంది మేడమ్" అన్నాడు. బాగానే ఉంది కూడా. రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. మా తోడికోడలు తలుపు వేసి, తాళం పెట్టి, లోపలికొచ్చి కాఫీ కలుపుకునేలోపల మళ్ళీ ఆఫ్‌లైన్. మళ్ళీ ఫిర్యాదు, మళ్ళీ అబ్బాయి, మళ్ళీ తలుపు బార్లా. రౌటరు మార్చండి అన్నారు, పాస్‌వర్డు మార్చండి అన్నారు, యాపు తీసేసి మళ్ళీ వేసుకోమన్నారు. వచ్చిన ప్రతివాడూ తలుపు తెరిచే పరీక్ష చేశాడు. ఆ ఛార్జరు బతుకంతా తలుపు మూసుకునే గడపాలి కదా!

దసరాకు బొమ్మలకొలువు చూడడానికి వెళ్ళినప్పుడు ఆ సంగతేమిటో చూద్దాం అని తనూ నేనూ గేటు దగ్గర నిలబడ్డాం. ఆ ఛార్జరు యాపులో దానికి అందే సిగ్నలు చూపించే చోటొకటి ఉంది. తలుపు తీసి ఉంటే మూడు గీతలు. మెల్లగా దగ్గరికి వేస్తుంటే రెండు. రబ్బరు తగిలి గొళ్ళెం పడ్డాక కాసేపటికి ఆ గీతల చోట బూడిదరంగు గీటు ఒక్కటే మిగిలింది. మళ్ళీ తీస్తే గీతలు మెల్లగా లేచాయి. ఇక వేరే పంచాంగం అక్కర్లేదు.

ఎందుకలా అంటారా? వైఫై అన్నా, బ్లూటూత్ అన్నా, సెల్‌ఫోను సిగ్నలన్నా రేడియో తరంగాలే. లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లుంటాయి. తరంగం వచ్చి తగలగానే అవి దాంతోపాటు ఊగుతాయి. ఆ ఊగడంలో వాటినుంచి ఎదురు తరంగం పుట్టి, వచ్చినదాన్ని వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. రేకు ఎంత మందం అన్నది ఇక్కడ లెక్కలోకే రాదు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగం అల్యూమినియంలో మిల్లీమీటరులో వెయ్యోవంతు రెండింతలు లోపలికి దిగేసరికే నీరసపడిపోతుంది. మనం చపాతీలు చుట్టే పల్చటి రేకు కూడా దానికి చాలినంత మందమే. కాబట్టి 18 గేజా 22 గేజా అన్న బేరం దొంగకు సంబంధించిన విషయం. సిగ్నలుకు రెండూ ఒకటే.

ఈ సంగతి కొత్తదేమీ కాదు. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1836లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక గదంత చట్రం కట్టించి, దానికి లోహం చుట్టించి, తానే లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. బయటినుంచి మెరుపుల్లాంటి నిప్పురవ్వలు దాని మీద కురిపిస్తున్నా లోపల పెట్టిన, విద్యుత్తు జాడ చూపే పరికరం కదల్లేదు. అప్పటికి రేడియో తరంగాల ఊసే లేదు. హెర్ట్జ్ అనే శాస్త్రవేత్త వాటిని పుట్టించి చూపించింది 1880ల చివర. అయినా ఫారడే పంజరం అన్న పేరు నిలిచిపోయింది. మా మరిది కట్టించింది ఇంచుమించు అదే.

ఇక్కడ మీలో కొందరికి సందేహం వస్తుంది. "మా ఇంట్లోనూ ఇనప పెట్టే ఉంది, మాకేం కాలేదే?" అని. అదీ నిజమే. ఒక స్టీలు డబ్బాలో ఫోను పెట్టి మూత బిగించి, ఇంకో ఫోనుతో రింగు చేసి చూడండి. చాలాసార్లు నిక్షేపంగా మోగుతుంది! అదే ఫోనును రేకులో ఎక్కడా సందు లేకుండా మడిచి చుడితే నోరు మూసుకుంటుంది. తేడా అంతా మూత అంచు దగ్గరి సందులో ఉంది. వైఫై తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. అందులో సగం, అంటే ఆరు సెంటీమీటర్ల పైచిలుకు పొడవున్న చీలిక దొరికిందంటే, అది కాగితమంత సన్నగా ఉన్నా తరంగం దూరిపోతుంది. అసలా చీలికే ఒక యాంటెన్నాలా పనిచేస్తుంది. అలా కావాలనే చీలిక కోసి చేసే యాంటెన్నాలు కూడా ఉన్నాయి.

చిన్న చిన్న చిల్లులు మాత్రం ఎన్ని పొడిచినా లాభం లేదు. మేస్త్రి అడిగాడు కూడా, "అమ్మా, జల్లెడ రేకు వేస్తే గాలీ ఆడుతుంది, సిగ్నలూ ఆడుతుంది కదా?" అని. గాలి ఆడుతుంది మేస్త్రీ, సిగ్నలు ఆడదు అన్నాను. మైక్రోవేవ్ ఓవెను తలుపు చూడండి. అద్దం వెనక సన్న చిల్లుల రేకుంటుంది. లోపల తిరిగే గిన్నె మనకు కనిపిస్తోందంటే వెలుగుకు ఆ చిల్లులు సింహద్వారాలు. 2.45 గిగాహెర్ట్జ్ మైక్రోవేవుకు అదే చిల్లుల రేకు గోడ. మన వైఫై కూడా సరిగ్గా ఆ పక్కింటి తరంగమే. ఓవెను నడుస్తుంటే వంటింట్లో వీడియో ఆగాగి రావడం మీరు గమనించే ఉంటారు. ఎంత గట్టి తలుపైనా చిటికెడు బయటికి వస్తూనే ఉంటుంది.

అందుకే ఒకే మేస్త్రి కట్టిన రెండు పెట్టెల్లో ఒకటి పలుకుతుంది, ఒకటి పలకదు. ఒకదాని తలుపు అంచుకు రంగు మందంగా పడి, కమ్మీ కాస్త వంకరపోయి, పొడుగాటి సందు మిగిలి ఉంటుంది. ఇంకోదానికి తలుపు చక్కగా అతుక్కుంటుంది. పని ఎంత శుభ్రంగా చేస్తే సిగ్నలు అంత చెడుతుంది! మా మేస్త్రి పనిమంతుడు కావడమే వచ్చిన చిక్కు. రౌటరు ఎంత దూరంలో ఉందన్నదీ ఇందులో కలుస్తుంది. గోడకు అవతలే రౌటరుంటే సందుల్లోంచి దూరిన కాస్తా సరిపోతుంది. మేడ మీద హాల్లో ఉంటే, స్లాబు దాటి, కాంక్రీటు బ్లాకుల గోడ దాటి వచ్చేసరికే సగం ప్రాణంతో ఉన్న సిగ్నలుకు ఈ తలుపు చివరి దెబ్బ.

ఆ ప్రాణం ఎంతుందో కొన్ని యాపులు గీతలతో కాక అంకెలతో చెప్తాయి. మైనస్ యాభై, మైనస్ డెబ్భై అలా. సున్నాకు దగ్గరైతే మంచిది. మైనస్ అరవై ఐదు దాకా హాయి, మైనస్ ఎనభై దాటితే ఆఫ్‌లైన్‌కు సిద్ధపడాలి. ఈ అంకెలు మామూలు కూడికలు కావు సుమండీ. పది తగ్గితే పదో వంతు అయినట్టు, ఇరవై తగ్గితే నూరో వంతు. చూడడానికి అరవై ఐదుకూ ఎనభై ఐదుకూ పెద్ద తేడా ఏముందిలే అనిపిస్తుంది, కానీ నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు పోయాయన్నమాట.

ఈ తరంగాల చదువు మన ఊళ్ళో ఒక ఆడమనిషి చేతుల మీదుగా పెరిగిందని చెప్పకపోతే నాకు తోచదు. రాజేశ్వరి చటర్జీ గారు 1922లో పుట్టారు. ఆవిడ కుటుంబంలో పెద్దావిడ కమలమ్మ దాసప్ప మైసూరు రాజ్యంలో పట్టభద్రులైన తొలి స్త్రీలలో ఒకరు. రాజేశ్వరి గారు సెంట్రల్ కాలేజీలో లెక్కలు చదివి, 1947లో ఓడెక్కి అమెరికా వెళ్ళి, మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి, 1953లో వెనక్కి వచ్చి మన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. భర్త శిశిర్ కుమార్ చటర్జీ గారితో కలిసి అక్కడ మైక్రోవేవ్ పరిశోధనకు పునాది వేశారు. యాంటెన్నాల మీద పుస్తకాలు రాశారు. అందులో లోహం లేని పదార్థాలతో చేసే యాంటెన్నాల మీద కూడా ఒకటుంది. ఇరవై మందికి డాక్టరేట్లు చేయించారు. 1982లో విశ్రాంతి తీసుకున్నాక స్త్రీల సంస్థలకు పనిచేస్తూ 2010లో వెళ్ళిపోయారు. "ఈ వైరులూ తరంగాలూ మనకెందుకులే, మగవాళ్ళు చూసుకుంటారు" అనేవాళ్ళు ఎవరైనా మీ పక్కనుంటే ఈ పేరా చదివి వినిపించండి.

సరే, పెట్టె సంగతికొద్దాం. అసలు పెట్టె కావాలా? నన్నడిగితే చాలా ఇళ్ళకు అక్కర్లేదు. ఛార్జరు పక్కన అతికించిన చిన్న చీటీ మీద ఐపీ అని, దాని తర్వాత రెండంకెలు ఉంటాయి. మొదటిది దుమ్ముకు, రెండోది నీళ్ళకు. ఐపీ 54 అంటే దుమ్ము కాస్త వెళ్ళినా పనికి అడ్డం రాదు, ఎటునుంచి చిలకరించినా నీళ్ళు చెరుపు చేయవు. ఐపీ 65 అంటే దుమ్ము బొత్తిగా దూరదు, పైపు పెట్టి కొట్టినా నీళ్ళు ఆగుతాయి. ఈ అంకెలున్నదాన్ని వానకు భయపడి పెట్టెలో పెట్టడం ఎందుకు? 2022 సెప్టెంబరులో సర్జాపూరు రోడ్డు, బెళ్ళందూరు వైపు ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చినప్పుడు పడవల్లో, ట్రాక్టర్లలో బయటపడ్డారు జనం. అలాంటి నీటికి పెట్టె ఆనదు. ఎత్తు ఒక్కటే ఆనుతుంది. పల్లపు వీధిలో ఉంటే ఛార్జరును గోడ మీద వీలైనంత పైకి బిగించమనండి.

ఎండ మాత్రం లెక్క చేయవలసిందే. 2024 ఏప్రిల్‌లో బెంగళూరు 38 డిగ్రీలు దాటింది. పడమటి గోడ మీద మూసిన రేకుపెట్టె లోపల ఇంకెంతుంటుందో వేరే చెప్పాలా? 32 ఆంపులు గంటల తరబడి పారితే ఛార్జరు తానూ కాస్త వేడెక్కుతుంది. వేడి మితిమీరితే అది కరెంటు తగ్గించుకుంటుంది, లేదా ఆగిపోతుంది. అది చూసి మళ్ళీ సిగ్నలు లేదనుకుంటాం. ఎండకూ వానకూ కలిపి నా ఓటు చూరుకే. ఛార్జరు పైన జానెడు ముందుకు వచ్చేలా ఒక చిన్న పందిరి, పాలీకార్బనేటు షీటుదైతే మరీ మంచిది. రేకుదైనా ముందువైపు తెరిచే ఉంటుంది గనుక సిగ్నలుకు పెద్ద నష్టం లేదు.

దొంగల భయం, పిల్లల భయం ఉన్నవాళ్ళకు పెట్టె తప్పదు. వీధిలోకి తెరుచుకున్న ఇల్లు, ప్రహరీ లేదు, కేబులు నిండా రాగి. ఆ భయం వట్టిది కాదు. అలాంటప్పుడు ఎఫ్ఆర్‌పీ పెట్టె తీసుకోండి. గాజునార కలిపిన ప్లాస్టిక్కు అది. కొన్ని ఊళ్ళలో కరెంటు మీటర్లు పెట్టే డబ్బాలు ఆ జాతివే. తరంగాలు దానిలోంచి దర్జాగా వస్తాయి, తాళమూ వేసుకోవచ్చు. ఎస్.పీ. రోడ్డులో, అదేనండీ సదర్ పత్రప్ప రోడ్డు, కొలతలు చెప్తే చూపిస్తారు. కొనేముందు ఒక్క సంగతి అడగండి, ఎండకు పెళుసెక్కని రకమేనా అని.

ఇప్పటికే ఇనప పెట్టె కట్టించేశారా? పారేయక్కర్లేదు. మా వాళ్ళు చేసింది చెప్తాను. ఛార్జరు ముఖం ఎదురుగా తలుపులో జానెడు పొడవు, జానెడు వెడల్పున కిటికీ కోయించి, లోపలివైపునుంచి మందపాటి పాలీకార్బనేటు షీటు పెట్టి, చుట్టూ రివెట్లు కొట్టి, సిలికాన్ పూశారు. "అద్దం అయితే దొంగ పగలగొట్టడా?" అని మా మరిది గునిశాడు. మేస్త్రి మిగిలిన ముక్కను నేల మీద పెట్టి సుత్తితో గట్టిగా ఒక్కటి వేశాడు. సొట్ట పడింది గానీ పగల్లేదు. యాక్రిలిక్కు అయితే పగిలేది, ఆ తేడా చూసుకోండి. కిటికీ మీద నల్ల ఫిల్ము అంటించమని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. కొన్ని ఎండ ఫిల్ముల్లో సన్నటి లోహపు పూత ఉంటుంది, మళ్ళీ మొదటికే వస్తుంది.

కొన్ని ఛార్జర్లకు బయటికి తీసే యాంటెన్నాకు చోటుంటుంది. దాని వైరును పెట్టెలోంచి బయటికి తెచ్చి బిగిస్తే సరి. చోటు లేనిదాన్ని మాత్రం విప్పించకండి. వారంటీ పోవడం ఒక ఎత్తు, నీళ్ళు రాకుండా కంపెనీ వేసిన బిగింపు పోవడం ఇంకో ఎత్తు. లాన్ కేబులు పెట్టే చోటుంటే అన్నిటికన్నా అదే మేలు. ఒక్క తీగ లాగించేస్తే తలుపు గొడవ, గోడ గొడవ రెండూ తీరిపోతాయి. ఇంకో చిన్న విషయం. చాలా ఛార్జర్లకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. మీ రౌటరు 5 గిగాహెర్ట్జ్ కూడా ఇస్తుంటే, రెండింటికీ ఒకే పేరుంటే, మొదటిసారి జతచేసేటప్పుడు అది తికమక పడుతుంది. 2.4కు వేరే పేరు పెట్టండి.

లోహపు పెట్టె ఉంచుకునేవాళ్ళు ఒక పని మరిచిపోకూడదు. ఆ పెట్టెకు ఎర్తింగు చేయించాలి. లోపల వైరు తొక్క ఎక్కడైనా చెదిరి రేకుకు తగిలిందంటే, వానలో తడిసిన కాళ్ళతో తాళం తీసేది మనమే. ఆకుపచ్చ ఎర్తు వైరు పెట్టె ఒంటికి బిగించాలి. తలుపుకు విడిగా మెత్తటి అల్లిక తీగ ఒకటి కలపాలి. కీలును నమ్ముకోకూడదు, దానికి రంగుంటుంది. వైరు బిగించే చోట ఆ రంగు గీకించండి. వైరు లోపలికి వచ్చే చిల్లికి రబ్బరు గ్లాండు ఉండాలి, లేకపోతే రేకు అంచే కేబులును కోస్తుంది. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ ఉందో లేదో అడిగి, దాని మీది టెస్టు బటను మీ చేత్తోనే నొక్కి చూడండి. "ఎర్తు చేస్తే సిగ్నలు బాగుపడుతుంది" అని ఒక ఎలక్ట్రీషియను నాకు చెప్పాడు. బాగుపడదు, పాడూ అవ్వదు. ఎర్తు మన ప్రాణానికి, సిగ్నలుకు కాదు.

ఇక సొంతింటి వాళ్ళకు రహస్యంగా ఒక మాట. ఈ సిగ్నలు లేకపోతే కొంప మునిగిపోయేదేమీ లేదు. చాలా ఛార్జర్లను ప్లగ్గు పెట్టగానే మొదలయ్యేలా పెట్టుకోవచ్చు. ఎన్ని గంటలకు మొదలవ్వాలో చాలా కార్లలోనే చెప్పుకునే వీలుంది. యూనిట్ల లెక్క మీటరు చెప్తుంది. మా తోడికోడలు కిటికీ కోయించాక కూడా యాపు తెరిచింది తక్కువే.

అపార్ట్‌మెంట్ల వాళ్ళకు మాత్రం అలా చెల్లదు. అక్కడ ఎవరు ఎంత వాడారో యాపే చెప్పాలి, డబ్బులు దానిలోంచే కట్టాలి. ఛార్జరేమో రెండో బేస్‌మెంట్‌లో ఉంటుంది. పైన టవరు సిగ్నలు దంచుతున్నా కింద ఫోనులో గీతే ఉండదు. ఫోను పట్టుకుని ర్యాంపు మీదికి పరుగెత్తి యాపు నొక్కి, మళ్ళీ కిందికి పరుగెత్తే ఆడవాళ్ళను నేను చూశాను. చంకలో పిల్ల, చేతిలో కూరల సంచి. పైగా ఛార్జర్లను తాకకుండా చుట్టూ ఇనప జాలీ బిగించి తాళం వేసే సొసైటీలున్నాయి. 2019లో కేంద్రం సవరించిన మోడల్ బిల్డింగ్ బైలాస్ పార్కింగ్‌లో ఇరవై శాతం విద్యుత్ వాహనాలకు వీలుగా ఉండాలన్నాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన వినియోగదారుల హక్కుల సవరణ నియమాల ప్రకారం కారు ఛార్జింగుకు వేరే కనెక్షను అడిగి తీసుకోవచ్చు. మన ఊళ్ళో కరెంటు సరఫరా చేసే బెస్కాం దగ్గర దరఖాస్తు పెట్టాలి. కరెంటు గురించి ఇన్ని రాశారు గానీ, బేస్‌మెంట్‌కు సిగ్నలు ఎవరు తెస్తారన్నది సొసైటీ మీటింగులో మనమే ఎత్తాలి.

ఎత్తేటప్పుడు ఇలా అడగండి. ఛార్జర్లు బిగించకముందే ప్రతి బేస్‌మెంట్‌కూ ఒక లాన్ తీగ లాగి, అక్కడొక వైఫై పెట్టె పెట్టండి, దాన్ని ఏ డక్టు వెనకో రేకు తలుపు లోపలో దాచకండి అని. సిమ్ ఉన్న ఛార్జరు అమ్మేవాళ్ళొస్తే, కింద ఏ కంపెనీ సిమ్ అందుతుందో ముందు అక్కడే నిలబడి చూపించమనండి. చూపించడానికి వాళ్ళు ఆదివారం పొద్దున పదకొండుకు వస్తామంటారు. అప్పటికి సగం కార్లు మాల్స్‌కు పోయి ఉంటాయి. వద్దనండి. రాత్రి తొమ్మిది దాటాక, కార్లన్నీ వచ్చి వరసలుగా నిలిచాక, ఆ జాలీకి తాళం వేయించి అప్పుడు చూపించమనండి. అక్కడ నిలిచేవి కూడా రేకుపెట్టెలే కదా.